పెద్దమ్మ నడినెత్తి

మా పెద్దమ్మ మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టదు, నడినెత్తి చూసి గుర్తుపడుతుంది. బస్టాపులో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తుంది. వాళ్లు చెప్పు సరిచేసుకోవడానికి వంగారో, "ఓహో, మీరా!" అంటుంది.

చర్మవ్యాధుల ఆస్పత్రిలో జుట్టు మందుల మీద పరిశోధన జరిగే గదిలో ఆవిడ రోగుల నడినెత్తి ఫొటోలు తీస్తుంది. దువ్వెన మొనతో ప్రతిసారీ ఒకేచోట పాపిడి తీయాలి, వెలుగు మారకూడదు. ఎవరి సీసాలో అసలు మందుందో, ఎవరికి ఉత్త నీళ్లో ఆవిడకీ తెలియదు. "కొంచెమైనా వచ్చిందా అమ్మా?" అని వాళ్లు బతిమాలితే ఒకటే జవాబు: "చెప్పకూడదండీ." ఆ రాతిగుండె చూస్తే నాకు ఒళ్లు మండేది.

పోయిన ఏడాది ఆవిడకు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక దువ్వెన పెడితే చాలు, జుట్టు పాయలు పాయలుగా ఊడొచ్చింది. జ్వరం వల్లే ఊడిందని, మళ్లీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట రోజూ వినే మనిషే, తన దాకా వచ్చేసరికి నమ్మలేదు. తలకు స్కార్ఫు చుట్టుకుని పనికి వెళ్లేది. దిండు మీద రాలినవి ఏరుకుంటూ ఏడ్చేది. జుట్టు వస్తోందో లేదో చూడ్డానికి ఫొటోలు తీయించుకోమంటే, తోటివాళ్ల ముందు ఆ రోగుల కుర్చీలో కూర్చోనని మొండికేసింది.

చివరికి పెద్దనాన్నే ఫోన్ పట్టుకుని ఫొటోలకు దిగాడు. ఆయన లారీ మెకానిక్, ఎప్పుడో బట్టతల అయిపోయినవాడు. నెలకోసారి వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద ఆవిడ తల వంచేది.

"పాపిడి వంకర పోయింది. మళ్లీ తియ్యండి."

"ఇంజన్‌కి పాపిడి ఉండదే. కదలకు."

"ఏమైనా వచ్చిందా?"

"చెప్పకూడదండీ," అన్నాడు ఆయన, అచ్చం ఆవిడ గొంతుతో.

ఆవిడ బిగుసుకుపోయింది. మెల్లగా, "వాళ్లకి ఇలా ఉంటుందన్నమాట," అంది. నా కోపం ఆ పూటతో పోయింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పెద్దనాన్న వెక్కిరించలేదు. ఫొటో తీసి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు. పాపిడికి రెండు పక్కలా కురచ వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"అన్నీ తెల్లవే!" అంది పెద్దమ్మ.

"నాకు ఆ రంగు కూడా రాలేదు," అన్నాడాయన తన నున్నటి తల తడుముకుంటూ.

ఆవిడ పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ తల వంచి, "ఇంకోటి తియ్యండి, బాగా దగ్గర్నించి," అంది.