గోడ పడిన రోజు

సందు మొగలో కంట్రాక్టరు కట్టిన గోడ వల్ల అంబులెన్సు లోపలికి రాలేక, దర్జీ అక్క భర్త మంచం మీదే ప్రాణం వదిలాడు. అప్పటినుంచి ఆమె పళ్ళు బిగించి పేట కోసం తిరిగింది. జనం తన వెనక నిలవాలనే కుళాయిలు, వీధిదీపాలు, చిన్న ఆసుపత్రి సాధించింది. అందరూ చల్లని తల్లి అన్నారు. ఆమె కడుపుమంట ఎవరికీ కనబడలేదు. భర్త పోయిన పన్నెండో ఏట పేటంతటి చేతా సంతకాలు పెట్టించి, కోర్టుకెక్కి, గోడ కూల్చే ఉత్తర్వు తెచ్చింది.

ఆ ఉదయం కంట్రాక్టరు ఆమె చేతులు పట్టుకున్నాడు. "అక్కా, నా పరువు పోతుంది. సగమైనా ఉంచమని చెప్పు."

"నీ పెరట్లోంచి దారివ్వమని ఆనాడు నీ కాళ్ళు పట్టుకున్నాను. తలుపేసుకున్నావు," అని ఆమె గోడ కూల్చే యంత్రం నడిపేవాడి వైపు తిరిగింది. "కానివ్వు నాయనా. పునాది కూడా మిగలకూడదు."

ఆ మధ్యాహ్నం ఆమె, పన్నెండేళ్ళలో మొదటిసారి, కడుపునిండా తిన్నది.