బేరమాడి కొన్న దారి

మా అక్క కూతురి నిశ్చితార్థం జరిగిన రోజునే, పెళ్ళికి ఆ పిల్ల నా కారు ఎక్కకూడదని మా ఇంట్లో తీర్మానమైంది.

తప్పు ఎండది. నేను అలాగే అంటాను, మిగతావాళ్ళు ఇంకోలా అంటారు. మగపెళ్ళివారి ఊరు బెల్లంకొండ దాటాక కొండల వెనకెక్కడో ఉంది. నిశ్చితార్థం, పెళ్ళి రెండూ అక్కడే. ఆ రోజు ముందు కారు నాది. ఫోను అద్దం దగ్గర నిలబెట్టి, అది చెప్పిన దారినే పోతున్నాను. మా పల్నాడు ఎండకు ఫోను సెగలు కక్కి, ఇక నావల్ల కాదన్నట్టు ఒక బొమ్మ చూపించి కళ్ళు మూసుకుంది. వెనక కార్ల వాళ్ళంతా నన్నే నమ్ముకుని వస్తున్నారు. ఆగి దారి అడిగితే పరువేముంటుందని ఆగలేదు. చివరికి అందరినీ తీసుకెళ్ళి ఒక రాళ్ళ క్వారీలో దించాను. పట్టుచీరల ఆడవాళ్ళు పళ్ళూ పూలూ పట్టుకుని తెల్లటి దుమ్ములో నిలబడి కింద గుంతలోకి చూశారు. గుంతలో వాళ్ళు పని ఆపి వీళ్ళను చూశారు. వాళ్ళలో ఒకాయన మర్యాదస్తుడు, "ఎవరికి కావాలండీ, కంకరా? బండలా?" అని అడిగాడు.

"ఒరేయ్, నా కూతురు నీ కారు ఎక్కదు," అంది అక్క, చీర దులుపుకుంటూ. "పెళ్ళికి వాళ్ళ పెదనాన్న కారులో వస్తది. ఆ కారులో టీవీ అంత స్క్రీను ఉంది."

పెదనాన్న అంటే మా బావగారి అన్న, నాకు పెద్దబావగారు. మంచివాడే, కారే మరీ పెద్దది.

నా బాధేమిటంటే, మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చేది మేనమామ. ఇంటి గడప దాటినప్పటి నుంచి మండపం మెట్టు ఎక్కేదాకా పిల్ల మేనమామ చేతిలోనే ఉండాలని మా అమ్మ చెప్పేది. ఆ పిల్లకున్న ఒకే ఒక్క మేనమామను నేను. గంప నేను మోసి, కారు ఆయన నడిపితే ఆయన మేనమామ అవుతాడు, నేను కూలీనవుతాను. ఈ మాటే అక్కతో అన్నాను.

"సరే. కానీ ఆ ఫోన్ని నమ్ముకోమాక. దారి తెలిసిన సామానేదన్నా కొనుక్కో. మధ్యలో ఆగి ఎవుర్నన్నా దారి అడిగావో, అక్కడికక్కడే పిల్ల కారు మారుద్ది."

ఇక్కడ నా పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. మా నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, నాది నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు. నాకు మాటలు రాకముందే "ఆఖరి మాట చెప్పు" అనడం వచ్చిందని మా ఇంట్లో అంటారు. అమ్మేటప్పుడు నేను బండరాయిని. కొనేటప్పుడు నా కొట్టుకొచ్చే గిరాకీలు నామీద వాడే ఎత్తులన్నీ ఎదుటివాడి మీద వాడతాను. పొద్దున్నే తాళం తీసేసరికి వెళ్ళి నిలబడితే బోణీ బేరం కాబట్టి కొట్టువాడు కాదనలేడు. కావలసిన వస్తువును వదిలేసి పక్కదాన్ని మెచ్చుకోవాలి. మా ఆవిడ రెండడుగుల దూరంలో నిలబడి, నేను చెవి గోక్కోగానే "వద్దులే, పోదాం పద" అనాలి. ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ ఒక్క మాట అంటూనే ఉంది. ఈ మధ్య నేను చెవి గోక్కోకపోయినా అంటోంది.

కార్ల సామాన్లు అమ్మే భాయ్ కొట్టుకు మేం అలాగే వెళ్ళాం. ఆయన షట్టరు సగం ఎత్తి, మమ్మల్ని చూసి మళ్ళీ సగం దించబోయి, మర్యాదకు ఆగాడు.

"రా అన్నా. పోయిన రంజానుకు మీ కొట్లో డేగిసా కొన్నా. మూతకు కూడా ఒక్క రూపాయి తగ్గించలా నువ్వు."

"మూత లాభం లేకుండా ఇచ్చా భాయ్."

"నేను కూడా ఇవాళ అట్టాగే ఇస్తా."

మొదలే బాగాలేదు. ఆయన మూడు రకాలు చూపించాడు. మొదటిది డ్యాష్‌బోర్డులో బిగించే పెద్ద స్క్రీను. పాటలు, సినిమాలు, వెనక కెమెరా, అన్నీ ఉన్నాయి. దాని ధర వినగానే మా ఆవిడ నేను చెవి ముట్టుకోకుండానే "వద్దులే, పోదాం పద" అంది. రెండోదానికి సిమ్ కార్డు వేయాలి. బెల్లంకొండ అవతల సిగ్నలు దొరికేటట్టయితే నాకీ తిప్పలే లేవు. మూడోది అరచేయంత పెట్టె. ఊళ్ళ పటాలన్నీ దాని పొట్టలోనే ఉంటాయట, మనం ఎక్కడున్నామో నేరుగా ఉపగ్రహాన్ని అడిగి తెలుసుకుంటుందట. సిగ్నలు అక్కర్లేదు, ఫోనులాగా ఎండకు వెంటనే మూర్ఛపోదు, తెలుగులో మాట్లాడుతుంది. నాకు కావలసింది అదే. కాబట్టి ఓ పావుగంట దాని వంక చూడకుండా సీటు కవర్లు పిసుకుతూ నిలబడ్డాను.

"ఈ డబ్బా ఎంత?" అన్నాను చివరికి, అటు తిరక్కుండానే.

చెప్పాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఇద్దరం కాసేపు అలా నవ్వుకున్నాక నేను నా అసలు విద్య బయటికి తీశాను. దీన్ని మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను. వస్తువు ధర తగ్గించమని అడగకూడదు, వస్తువులోంచి ఒక్కొక్కటీ తీసేయమనాలి.

"అట్టపెట్టె వద్దు భాయ్, తీసెయ్. సంచీ వద్దు. అద్దానికి అతికించే స్టాండు వద్దు, ఈ ఎండకు ఆ రబ్బరు ఎట్టాగూ ఊడిద్ది, నేను తాడు కట్టుకుంటా. వారంటీ నీ దగ్గరే ఉంచుకో."

"వారంటీ తీసేస్తే ఏం తగ్గుద్ది అన్నా, అది కాయితమే కదా."

"మరి అద్దాల బీరువాలో మోగుతా ఉందే, అది?"

అదే రకం పెట్టె ఇంకొకటి బీరువాలో ఉంది. గిరాకీలకు చూపించడానికి కొట్టు తెరిచినప్పటి నుంచీ అక్కడే ఉంచి వాగిస్తున్నాడట. నా కొట్లో అయితే గాజు బీరువాలో మెరిసి మెరిసి సొట్టపోయిన బిందెను ఏడాది చివర సగానికిస్తాను. ఆ సంగతి గుర్తు చేశాను. భాయ్ తల గోక్కుని, సరే అన్నాడు. బెల్లంకొండ అని కొట్టి చూపించాడు. తెరమీద నీలంగీత చక్కగా పడింది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, గిన్నెను చూసినట్టు వేలితో రెండుసార్లు కొట్టి చూశాను. చప్పుడు బాగుంది.

"ఫిట్టింగు ఛార్జీ ఇస్తే మా వాళ్ళు సెట్టింగు మార్చిస్తారు అన్నా. చూపించే పీసు కదా, మార్చుకోవాల."

సెట్టింగు అనే మాట విని నాకు లోపల నవ్వొచ్చింది. కుక్కరు అమ్మేటప్పుడు ఆ మాట నేనూ వాడతాను. చేసేదేమీ లేదు, విజిలు తీసి మళ్ళీ పెడతాను.

"ఫిట్టింగు కూడా తీసెయ్ భాయ్," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఓడిపోయిన కొట్టువాడి చూపు అనుకుని ఇంటికి వచ్చాను. పూజ కాని కొత్త వస్తువును వాడకూడదని పెళ్ళినాటి దాకా బీరువాలో పెట్టాను. తెరమీది ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. రేపు అమ్మాలంటే కొత్తదానిలా ఉండాలి కదా.

పెళ్ళిరోజు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి పెట్టెను అద్దం ముందు తాడుతో కట్టాను. చీర నలగకూడదని పెళ్ళికూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక అక్క, మా ఆవిడ. మా వెనకే పెద్దబావగారి కారు, రోగి వెంట అంబులెన్సులాగా.

సత్తెనపల్లి దాకా నాకు తెలిసిన రోడ్డే. అది దాటాక పెట్టెలో ఊరి పేరు కొట్టాను. "నేరుగా వెళ్ళండి" అంది చాలా గౌరవంగా. మా ఇంట్లో నన్ను మీరు అన్నది అదొక్కటే. గర్వంగా అద్దంలోంచి అక్కను చూశాను. బెల్లంకొండ దాటేదాకా అంతా బాగానే ఉంది. అటూ ఇటూ దున్ని వదిలేసిన పత్తి చేలు, ముందు గేదెల మంద.

"ముందు ఫ్లైఓవర్ ఉంది. ఎడమ వరుసలో ఉండండి," అంది పెట్టె.

తరవాత భాయ్ చెప్పిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చూపించే పీసును కాసేపు ముట్టుకోకపోతే అది మనం అడిగింది వదిలేసి, కొట్టు కోసం నేర్పిన పాఠం మొదలుపెడుతుంది. ఏదో మహానగరంలో తిరుగుతున్నట్టు ఊహించుకుని మాట్లాడుతుంది. ఆ పాఠం మాన్పించడానికే ఫిట్టింగు ఛార్జీ.

"ఫ్లైఓవరా? ఈడ యాడుందిరా?" అంది అక్క.

"కొత్తగా శాంక్షనయినట్టుంది అక్కా. దీనికి ముందే తెలుస్తది."

"మెట్రో స్టేషన్ వద్ద యూ టర్న్ తీసుకోండి," అంది పెట్టె. గేదెలు నెమ్మదిగా పక్కకు జరిగాయి.

పెళ్ళికూతురు నావైపు తిరగకుండానే, గాజులు సర్దుకుంటున్నట్టు చెయ్యి చాపి దాని గొంతు పూర్తిగా తగ్గించేసింది. "మామయ్యా," అంది చాలా చిన్నగా, "పెదనాన్న కారు ఏసీ వాసనకు నాకు వాంతులొస్తాయి. ఎట్టన్నా చేసి నువ్వే తీసుకుపో."

ఎదురుగా రోడ్డు రెండుగా చీలింది. పోయినసారి క్వారీ వైపు నుంచి ఊరు చేరాం కాబట్టి ఈ చీలిక నాకు కొత్త. అడిగితే పిల్ల కారు మారుతుంది. అడక్కపోతే మళ్ళీ క్వారీ. చీలిక దగ్గర ఒకతను తాటిముంజలు అమ్ముతున్నాడు. కారు ఆపాను.

"దారి అడగతానికేనా?" అంది అక్క.

"ముంజలకు. మేనమామ వట్టి చేతుల్తో పోతాడా?"

దిగి, రెండు ముంజలు పట్టుకుని పెదవి విరిచాను. "ముదిరినయ్యే. ఎక్కడివి ఇవి?"

అతను చెప్పిన పేరు మగపెళ్ళివారి ఊరిదే. దేవుడున్నాడు.

"అబద్ధం. ఆ ఊరినించైతే ఇంత దూరం వచ్చేసరికి ఎండిపోవూ?"

అతనికి రోషం వచ్చింది. "దూరమేందయ్యా? కుడిచేతి రోడ్డున పోతే వాగు మీద వంతెన, అది దాటితే మూడు రోడ్ల కూడలి. ఆడినించి ఎంతసేపు? పొద్దున కోసినయ్యి, చూడు, ఇంకా నీళ్ళు కారతన్నయ్యి."

ముంజలు ఎక్కించుకుని కుడికి తిప్పాను. సరుకుకు వంక పెడితే కొట్టువాడు తన వంశచరిత్ర మొత్తం చెబుతాడని నాకు తెలుసు. నాకూ అదే జబ్బు.

మూడు రోడ్ల కూడలిలో ఒక పెద్దావిడ గుమ్మడికాయలు పోసుకుని కూర్చుంది. మళ్ళీ దిగాను. కాయ తట్టి, "నీళ్ళకాయలా ఉందే అవ్వా, ఏ చేలోది, ఏ దారిన తెచ్చావు?" అని మొదలుపెట్టాను.

ఆమె నన్నూ, కారులోని పెళ్ళికూతుర్నీ, వెనక ఆగిన పెద్దకారునూ చూసింది. "అబ్బయ్యా, నీకు కాయ కావాల్నా, దారి కావాల్నా?"

"గట్టిగా అనమాక అవ్వా. రెండూ."

"కాయలన్నీ కొను, చెబుతా."

"అన్నిటికీ కలిపి ఆఖరి మాట?"

"నాకు మొదటి మాటే ఆఖరి మాట. నీకే తొందర."

ముహూర్తం దగ్గరపడుతోంది. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో మొదటిసారి చెప్పిన రేటు చెప్పినట్టు ఇచ్చాను. ఆమె కాయలు సంచుల్లో వేస్తూ, పెదవులు కదపకుండా, "ఎడమకు పోయి, నీళ్ళ ట్యాంకు కాడ మళ్ళీ ఎడమ" అంది.

కారులో మా ఆవిడ గొంతు వినిపించింది. "వదినా, చెప్పిన రేటే ఇచ్చాడు. ఈయనకేదో అయింది. కాసిని మంచినీళ్ళు పోద్దామా?"

డిక్కీ నిండి, మిగిలిన కాయలు అక్క ఒళ్ళోకీ మా ఆవిడ ఒళ్ళోకీ చేరాయి. నీళ్ళ ట్యాంకు కనపడగానే మేళం చప్పుడు వినపడింది. పెళ్ళికూతురు అంతసేపటికి ఊపిరి వదిలింది.

మగపెళ్ళివారు ఎదురొచ్చారు. అక్కా మా ఆవిడా చెరో గుమ్మడికాయతో దిగడం చూసి పెళ్ళికొడుకు మేనత్త ముక్కున వేలేసుకుంది. "చూశారా, మేనమామ సారె అంటే అట్టుండాల. పప్పులోకీ పులుసులోకీ ఇవాళ చూసుకునే పన్లేదు." అక్క నావైపు తిరిగి ఏదో అనబోయి, ఆ మాట విని మింగేసింది. పైగా, "మా తమ్ముడు అంతే, వట్టి చేతుల్తో రాడు" అంది.

పెద్దబావగారు దిగి నేరుగా నా కారు దగ్గరికి వచ్చాడు. "నా స్క్రీను ఇక్కడ రోడ్డే లేదంది, బామ్మర్దీ. నీది ఒక్క తప్పు చెప్పలా. నాకూ అలాంటిదొకటి ఇప్పించు."

పెట్టె తెరమీద, దాని మహానగరంలో ఎర్రలైటు దగ్గర, ఒక బాణం ఓపిగ్గా ఎదురు చూస్తోంది. ప్లాస్టిక్ పొర మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఇప్పిస్తా బావా. ఫిట్టింగు మాత్రం చేయించుకో," అన్నాను.

ముహూర్తానికి గంప తెచ్చారు. పిల్లను కూర్చోబెట్టి ఎత్తుకున్నాను. పిల్ల బరువే. మేళం మోగుతోంది, అక్షింతలు కళ్ళలో పడుతున్నాయి, అక్క ముందు నడుస్తూ జనాన్ని తప్పిస్తోంది. మండపం నాలుగడుగుల దూరంలో ఉందనగా, చేతిలో కొబ్బరిబోండం అడ్డం పెట్టుకుని, తల వంచుకున్న పెళ్ళికూతురు నాకు మాత్రమే వినపడేటట్టు, చాలా గౌరవంగా పలికింది.

"ముందు ఫ్లైఓవర్ ఉంది మామయ్యా. ఎడమ వరుసలో ఉండండి."

నవ్వుతో గంప ఊగింది. అదృష్టం, అందరూ బరువుకనుకున్నారు.