చెరకు తోట మీద పాముల గద్ద

మా ఆయన్ని పాము కరిచింది మా చెరకు తోటలోనే. భాద్రపదంలో, గడలు పడిపోకుండా జడలు చుట్టడానికి వెళ్ళారు. మిట్ట మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. మడమ పైన రెండు ఎర్రచుక్కలు చూపించి మంచినీళ్ళు అడిగారు. ఆటో చోడవరం ఆసుపత్రికి చేరేలోపే నా ఒళ్ళో చల్లబడిపోయారు.

ఆ తర్వాత నేను తోటలో అడుగు పెట్టలేదు. దేవుడి ముందు నిలబడడం కూడా మానేశాను. కోపంతో కాదు. ఏమని అడగాలో తెలియలేదు.

పుష్యమాసంలో చెరకు నరికించడానికి మా మరిది మనుషుల్ని పెట్టాడు. నేను గట్టు మీదే నిలబడ్డాను. పక్క మడిలో ఎండాకు కాలుస్తున్నారు, పొగ నేలబారున పాకుతోంది. ఉన్నట్టుండి గోరింకల గోల ఆగిపోయింది. తలెత్తి చూస్తే పొగకి పైన ఒక పెద్ద పక్షి కదలకుండా ఆగిపోయి ఉంది. తెల్లటి పొట్ట, బరువైన తల. రెక్కల చివర్లు మాత్రం కొద్దిగా వణుకుతున్నాయి. ముందుకి పోదు, వెనక్కి పోదు. అది ఆగింది సరిగ్గా మా ఆయన ఆ రోజు జడలు చుట్టిన మూల మీద. నరుకుతున్న ఆడవాళ్ళు కత్తులు దించేశారు. ఒకామె, ఆ మూల నేను కొయ్యనని చెప్పి గట్టెక్కేసింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్త చేతిలో చేట పక్కన పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే, దాన్ని సూడకు. అది మనోడే. ఎటూ పోనేక అక్కడే ఆగిపోయేడు."

చూడొద్దన్నాక ఉండలేకపోయాను. రోజూ పొద్దున్న పనయ్యాక గట్టు మీదకి వెళ్ళేదాన్ని. అది రోజూ వచ్చేది కాదు. వచ్చే రోజు ముందుగా తెలిసిపోయేది. గోరింకలు ఆగేవి. కోసిన చెరకు మోళ్ళ మీద ఒక నీడ పడి అక్కడే ఉండిపోయేది. చుట్టూ ఎండ, మధ్యలో కదలని నల్లటి మచ్చ. ఒకసారి కరెంటు స్తంభం మీద వాలి నా వైపు చూసింది. గుడ్లగూబకి ఉన్నట్టు రెండు కళ్ళూ ముందుకే, పసుప్పచ్చగా. నేను గబుక్కున కొంగు నెత్తి మీదకి లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో తెలీదు. మా ఆయన ఎదుట ఎప్పుడూ అలా కప్పుకోలేదు.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి గట్టు మీద ఒక పెద్దాయన బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడి ఉన్నారు. తెల్లగెడ్డం, నెత్తిన అల్లిక టోపీ. అనకాపల్లిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యారట. పిట్టల్ని చూడడానికి బస్సెక్కి ఇలా ఊళ్ళు తిరుగుతారట. పైన ఆగి ఉన్న ఆ పక్షిని పాముల గద్ద అంటారని ఆయనే చెప్పారు.

మేం మాట్లాడుతుండగానే అది దిగింది. ఒక్కసారిగా పడలేదు. కొంత దిగి ఆగింది, మళ్ళీ కొంత దిగి ఆగింది. ఆఖర్న కాళ్ళు చాచి మోళ్ళ మధ్యకి పడిపోయింది. ఎండాకు మీద రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. లేచినప్పుడు దాని ముక్కు నుంచి పాము తోక వేలాడుతోంది. మెలికలు తిరుగుతోంది. ఎగురుతూనే మింగుతోంది. పైకి పోయే కొద్దీ తోక పొట్టిదైపోయింది. నేను గట్టు మీద కూర్చున్నాను.

అక్కణ్ణుంచే అడిగాను. "దానికి విషం ఎక్కదా మాస్టారూ?"

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. ఎక్కుతాది. కాళ్ళ మీద పొలుసులు కాస్త మందం, అంతే. సరిగ్గా కాటు పడితే అదీ సచ్చిపోతాది."

"మరి ఎలా దిగుతాది?"

ఆయన బైనాక్యులర్స్ దించి కళ్ళు తుడుచుకున్నారు. "అందుకే అంతసేపు పైన ఆగుతాదేమో. ఆగి, సూసుకుని, దిగుతాది. దిగకపోతే బతకనేదు కదమ్మా."

దాన్ని చూసిన రోజు తనకి నమాజులో నిలబడినట్టే ఉంటుందని అన్నారు. తర్వాత మాడుగుల బస్సు వేళయిందని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని తోటలోకి దిగాను. ఒక్కో అడుగూ చూసుకుని వేశాను, ఆగాను, మళ్ళీ వేశాను. ఆ మూలకి చేరేసరికి అక్కడ ఎండాకు కింద మా ఆయన చెప్పు ఉంది. ఆ రోజు ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ వెతకలేదు. చెప్పు పక్కనే పాము కుబుసం, చిరగకుండా, తెల్లగా, కొసదాకా ఉంది.

గాలి ఆగిపోయింది. గోరింకలూ ఆగాయి. నా వీపు మీద ఎండ తప్పుకుని చల్లగా అయింది. చుట్టూ ఎండ కాస్తూనే ఉంది. నేను తలెత్తి చూడలేదు. చూస్తే అక్కడ ఏమీ ఉండదేమోనని భయం, ఉంటుందేమోనని ఇంకో భయం. అలాగే నిలబడి, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి దేవుణ్ణి ఒకటి అడిగాను. ఆయన్ని ఎందుకు తీసుకెళ్ళావని కాదు. రేపు కూడా ఇక్కడికి రాగలిగే బలం ఇమ్మని. అంతే అడిగాను. వీపు మీదకి మళ్ళీ ఎండ వచ్చింది. చెప్పు తీసుకుని, కుబుసాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

మోళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చిన కార్శి తోటకి ఆ ఏడు నేనే నీళ్ళు కట్టాను. రబ్బరు బూట్లు కొనుక్కున్నాను. భయం పోయిందని చెప్పను. భయంతో పాటే దిగడం వచ్చింది.

ఎండలు ముదిరాక ఆ పక్షి రాలేదు. తర్వాతి చలికాలమూ రాలేదు. మొన్న కె.కోటపాడు నుంచి బస్సులో వస్తుంటే పొలాల మీద ఒకటి ఆగి ఉంది. అదో, ఇంకోటో. ఏటి సూస్తన్నావని పక్క సీటామె అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆమె కిటికీలోంచి వంగి ఎంతసేపో చూసింది. ఆకాశం తప్ప ఏటీ నేదంది.