‘లూర్డ్ ఇంటూ’ తర్వాత ఏం రావాలి?

కుట్టుమిషన్ల దుకాణం పైగదిలో ఆమె పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతోంది. ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే అన్నం తింటూ కూడా దిద్దందే ఊరుకోదు కాబట్టి పిల్లలంతా గ్రామరక్క అనేవారు.

ఆ ఏడాది కోటు వేసుకున్న ఏజెంటొకడు వచ్చాడు. పరాయి దేశంలో హోటల్ ఉద్యోగాలకు వెళ్లే పదకొండు మంది అమ్మాయిలకు రెండు నెలల్లో మాటలు నేర్పమన్నాడు. గదికి రంగులు వేయించాడు, గుమ్మం మీద ఆమె పేరు పెద్దక్షరాలతో రాయించాడు. ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. ఆ హోటల్ ఎక్కడని ఒక్కమాటైనా అడగలేదు.

అమ్మాయిలు విమానమెక్కిన నలభై రోజులకు, పాఠం మధ్యలో ఫోన్ మోగింది. తాపీమేస్త్రీ కూతురు, అందరూ పొడుగమ్మాయి అనే పిల్ల.

“అక్కా, బాగున్నాం. తిండి బాగుంది. పని బాగుంది,” అప్పజెప్పినట్టు అంది. పక్కన ఎవరో దగ్గారు. “చిన్న సందేహం. లూర్డ్ ఇంటూ అన్నాక నామవాచకమే రావాలా, క్రియకి ఐఎన్‌జీ తగిలించొచ్చా?”

“రెండూ కుదురుతాయి,” అలవాటుకొద్దీ అనేసింది.

“అయితే, వుయ్ వర్ లూర్డ్ ఇంటూ సైనింగ్. కరెక్టేనా?”

ఆశచూపి ఉచ్చులోకి లాగారన్న చోట వాడే మాట అది. అలా లాగి మాతో సంతకాలు పెట్టించారంటోంది పిల్ల. పక్కనున్నవాడికి తెలుగు వచ్చు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. అదొక్కటే ఆ పిల్లకు దొరికిన సందు.

“కరెక్టే. కానీ వాక్యం పూర్తికాలేదమ్మా. ఎక్కడన్నది రావాలి.”

“ఆపోజిట్ ద స్లాటర్‌హౌస్,” అంది. కబేళా ఎదురుగా అన్నమాట. అదే ఊపులో ఊరిపేరూ చెప్పేసింది.

“ఏంటే ఆ పాఠం?” అంది వెనకనుంచి మగగొంతు. ఫోన్ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఏజెంటు మెట్లెక్కి వచ్చాడు. “పిల్లలు ఫోన్ చేస్తున్నారటగా టీచర్‌గారూ! ఇంకో పద్దెనిమిది మంది ఉన్నారు. అన్నట్టు, పగలంతా మీ అమ్మగారు ఇంట్లో ఒక్కరే ఉంటారు కదూ?”

“పంపండి. సోమవారం మొదలెడదాం,” అని నవ్వింది. అతను వీధి మలుపు తిరగ్గానే తల్లిని పిన్ని ఇంట్లో దిగబెట్టి, మేస్త్రీని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది.

కాగితాలు కదిలి, ఆ దేశం పోలీసులు తలుపులు బద్దలుకొట్టేసరికి ఇరవైరోజులు పట్టింది. తొమ్మిది మంది తిరిగొచ్చారు. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు.

“ఆ ఫోన్ అయిన సాయంత్రమే దాన్నీ, దాని పక్కమంచం పిల్లనీ కారెక్కించారక్కా,” అందొకతె నేలచూపులు చూస్తూ. “ఎక్కడికో తెలీదు.”

ఏజెంటు దొరకలేదు. మేస్త్రీ ఇప్పటికీ వారం వారం స్టేషన్‌కి వెళ్తాడు. ఆమె తోడు వెళ్తుంది.

మొన్న అలా తిరిగొస్తుంటే వీధి చివర కొత్త ఆఫీసొకటి కనిపించింది. కంపెనీ పేరు వేరు. తలుపు రంగింకా ఆరలేదు. సర్టిఫికెట్లు పట్టుకుని అమ్మాయిలు బారులు తీరి ఉన్నారు.

ఆమె గబగబా రోడ్డు దాటి వాళ్ల దగ్గరకు వెళ్లింది. “చెల్లీ, లోపలికి వెళ్లకు. నా మాట విను.”

ముందున్న పిల్ల జరిగి చోటిచ్చింది. “మీరూ నిలబడండక్కా. టీచర్లు కూడా కావాలంట.”