మోచెయ్యి ముంచి చూసిన నీళ్ళు

ఆవపల్లి దగ్గర మా ఊళ్ళో ఏ ఆడమనిషి చనిపోయినా స్నానం చేయించేది ఆమే. యేసును నమ్ముకున్న మనిషి. కాచిన నీళ్ళలో మోచెయ్యి ముంచి, "పాపం, చలి పెట్టొద్దు గదా" అనేది. చచ్చినోళ్ళకు చలేందని నవ్వేవాళ్ళం.

ఆమె భర్త పోతే శ్మశానంలో జాగా ఇవ్వలేదు. శవాన్ని ట్రాక్టరులో ఉసూరు అనే ఊరి అవతలకు పంపేశారు. పంపించిన ఊరిపెద్ద తల్లే ఏడాది తిరక్కుండా ఒళ్ళంతా పుండ్లతో పోయింది. కోడళ్ళు ముక్కులు మూసుకుని బయట నిలబడ్డారు. పిలవకుండానే ఆమె వచ్చింది. మోచెయ్యి ముంచి చూసి, కడిగి, కొత్త చీర కట్టింది.

"అన్నా, రేపు నేను పోతే నాకైనా ఇంత జాగా ఇస్తరా?" అని ఊరిపెద్దను అడిగింది.

"ముందు ఆ ప్రార్థన బంద్ చెయ్, తర్వాత చూద్దాం."

ఆమె అటు వెళ్ళగానే నిలబడ్డ చోట పేడనీళ్ళు చల్లించాడు. థూ! మనుషులా వీళ్ళు?

మొన్నటి వానల్లో ఆమె పోయింది. ప్రార్థన మానలేదు. ముట్టుకున్నవాళ్ళను వెలేస్తామన్నారు పెద్దలు. మా ఆవిడ నీళ్ళు కాచి, మోచెయ్యి ముంచి చూసి, బిందె ఎత్తుకుంది. గుమ్మం దగ్గర మా ఆవిడ చెయ్యి పట్టి ఆపింది నేనే.

ట్రాక్టరు వచ్చేసరికి ఆ నీళ్ళు చల్లారిపోయాయి.