మూట మోసేవాడికే మా ఓటు

మా ఆయన ఒక నాయకుడి వెనక ఇరవై ఏళ్ళు తిరిగాడు. సభలో మైకు పనిచేస్తుందో లేదో ముందుగా ఊది చూసేది మా ఆయన, తర్వాత మాట్లాడేది నాయకుడు. నాయకుడి బీపీ మాత్రలు, మార్చుకునే కండువాలు, రెండో ఫోను అన్నీ మా ఆయన దగ్గరే ఉండేవి. దర్శి రోడ్డులో ఏ పండక్కి ఫ్లెక్సీ కట్టినా నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి ఉంటాడు, కింద మూల తపాలా బిళ్ళంత ఫొటోలో మా ఆయన ఉంటాడు. ఒకసారి తాడు కట్టడానికి సరిగ్గా ఆ మూలనే కన్నం పొడిచారు. "మీ ముక్కు పోయింది" అని నేను నవ్వితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్నామధ్య మార్కెట్ యార్డు కమిటీలో మెంబరు పదవి మా ఆయనకే ఖాయమన్నారు. నేను చీరాల నుంచి చేనేత చీరలు తెచ్చి ఇంట్లో అమ్ముతుంటాను. ప్రమాణ స్వీకారం నాడు కట్టుకుందామని ఒక మంచి చీర ఎవరికీ చూపించకుండా దాచుకున్నాను కూడా. తీరా పదవి ఒక కాంట్రాక్టరు బావమరిదికి పోయింది. ఆ మనిషికి మిరపలో తేజా కాయకీ బ్యాడిగి కాయకీ తేడా తెలియదు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, పదవి రానందుకు మా ఆయన అంతగా బాధపడలేదు. ఆ బావమరిది ఊరేగింపుకి డప్పులు మాట్లాడి పెట్టమని నాయకుడు ఆయనకే పురమాయించాడు చూడండి, అది కోసేసింది. డప్పులు మాట్లాడి పెట్టాకే ఇంటికొచ్చాడు. చెప్పులు విడుస్తూ, "ఇంక ఆ గడప తొక్కను" అన్నాడు.

నాకు కావలసింది అదే. ఇరవై ఏళ్ళుగా దానికోసం నేను మొక్కని దేవుడు లేడు. అయితే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదే మనిషి తోక వదిలేస్తే సరిపోదు, ఆ చేతికి ఇంకేదన్నా అందాలి. లేకపోతే మళ్ళీ తోకనే వెతుక్కుంటాడు. ఫోను మోగినప్పుడల్లా ఆయన ఫోను వంక చూసేవాడు, నేను ఆయన వంక చూసేదాన్ని. నాలుగు రోజులు అలా గడిచాయి.

ఐదో రోజున ఇంటర్ చదివే మా అమ్మాయి వసారాలో కూర్చుని ఫోనులో ఆట ఆడుతోంది. కత్తి పట్టుకున్న వీరుడొకడు కొండలూ గుట్టలూ దాటుకుంటూ పోతుంటాడు. వాడి వెనక బానపొట్టతో ఒక పొట్టివాడు, తనకన్నా పెద్ద మూట వీపున వేసుకుని పరిగెడుతుంటాడు. మా అమ్మాయి వాణ్ణి బుడ్డోడు అంటుంది. దీపం పట్టేది బుడ్డోడు, తలుపు తీసేది బుడ్డోడు, లోపల రాక్షసుడుంటే మొదటి దెబ్బ తినేదీ బుడ్డోడే. ఆ తర్వాత వీరుడు తీరిగ్గా లోపలికొచ్చి కత్తి తిప్పుతాడు. గెలవగానే తెర నిండా వీరుడి ఫొటో వస్తుంది, పూలు రాలతాయి.

మా ఆయన మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "ఫొటోలో వాడు లేడేంది?" అన్నాడు.

"ఎవరు నాన్నా?"

"మూట మోసినోడు."

"వాడు పక్క కేరెక్టర్ నాన్నా. ఫొటో హీరోకే."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆట తయారుచేసిన కంపెనీవాళ్ళు పోటీ పెట్టారని కూడా చెప్పింది. ఆటలో బుడ్డోడిలాంటి పక్కవాళ్ళు పది మంది ఉన్నారట. ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్ళని తర్వాతి భాగంలో హీరోని చేస్తారట. ప్రస్తుతానికి ఒక నక్క ముందుంది, బుడ్డోడు నాలుగో చోట ఉన్నాడు. వాడి అభిమానులు దేశదేశాల్లో గుంపులు కట్టి ఓట్లు అడుగుతున్నారు. గడువు ఇంకా ఆరు రోజులుంది.

"ఓటుకేం కావాలి?" అన్నాడు మా ఆయన.

"ఫోనుంటే చాలు. ఆట ఎక్కించుకుని ఒక్కసారి నొక్కాలి."

ఆయన లోపలికెళ్ళి బీరువాలోంచి ఓటర్ల జాబితా తీశాడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ప్రాణం లేచొచ్చింది. ఆరు రోజులపాటు ఆ గడప ఊసు ఉండదు. అందుకని నేను కూడా కొంగు బిగించాను. నా దగ్గర చీరలు కొనే ఆడవాళ్ళు లేని వీధి మా ఊళ్ళో లేదు.

మొదట మిరప కల్లాలకి వెళ్ళాం. ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. మా ఆయన అలవాటుగా రెండు చేతులూ జోడించాడు.

"ఏ పార్టీ అన్నా?" అందొకావిడ.

"పార్టీ లేదమ్మా. మూట మోసేవాడు. మొదటి దెబ్బ వాడే తింటాడు, ఫొటో మాత్రం ఇంకోడిది."

"అయితే మా ఆయనే," అంది పక్కావిడ. అందరూ దగ్గుతూ నవ్వారు.

సైకిళ్ళు బాగుచేసే సాయిబు గారు మాత్రం బుడ్డోణ్ణి ఫోనులో దగ్గరగా పెట్టుకుని పరీక్షగా చూశారు. "మూట ఎత్తుకునే తీరు తెలియదండీ వీడికి. నడుం పోద్ది" అని ఓటు ఖాయం చేశారు. రచ్చబండ మీది పెద్దాయనొకరు, "వాడిదే కులం?" అని అడిగారు. అడుగుతారని నాకు తెలుసు.

"మూటలు మోసే కులమండీ" అన్నాడు మా ఆయన.

"అట్టయితే మండలంలో సగం ఓట్లు వాడియ్యే."

అవతలి పార్టీవాళ్ళు కూడా వస్తామన్నారు. ఇన్నేళ్ళ రాజకీయంలో మా ఆయనకి దక్కని ఏకగ్రీవం ఒక బొమ్మకి దక్కింది.

ఇక పోలింగు. ఎన్నికలంటే ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే: జనాన్ని ఒకచోటికి తేవాలి, వరసలో నిలబెట్టాలి, ఓటు పడేదాకా పక్కన మన మనిషి ఉండాలి. మా ఇంట్లో వైఫై ఉంది కాబట్టి మా వసారానే బూత్ అయింది. ముందు షామియానా వేయించాడు, మజ్జిగ కడవలు పెట్టించాడు. నడవలేని ముసలివాళ్ళని ఆటోలో దింపించాడు. మా అమ్మాయి ఒక్కొక్కరి ఫోనులో ఆట ఎక్కించి ఇస్తుంటే వాళ్ళు బుడ్డోడి పొట్ట మీద నొక్కి పక్కకి తప్పుకుంటున్నారు. ఓటేసిన ఒక ముసలామె కదలకుండా వేలు చాపి నిలబడింది. సిరా గుర్తు పెట్టకపోతే ఓటు పడినట్టు ఎట్టా అని ఆమె పట్టు. చివరికి మా అమ్మాయి తన గోళ్ళరంగు పూసింది. దాంతో అంతకుముందు వేసినవాళ్ళు కూడా వేళ్ళు చాపుకుంటూ వెనక్కొచ్చారు.

సాయంత్రానికి రెండు వందల మంది పైన తేలారు. మర్నాడు పొద్దున చూస్తే ఆ రెండు వందల్లో లెక్కలోకొచ్చింది ఒకే ఒక్క ఓటు. అమ్మాయి నిబంధనలు చదివి చెప్పింది. ఒకే ఇంటి నెట్టు నుంచి వరసగా వచ్చిన ఓట్లని ఎవరో ఒక్కరే వేసిన దొంగ ఓట్ల కింద లెక్కగట్టి తీసేస్తారట.

మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నిజంగా దొంగ ఓట్లు వేయించిన ఏడాది ఎవరూ కనిపెట్టలేదు. జీవితంలో మొదటిసారి మనిషికొక ఓటు చొప్పున వేయిస్తే పట్టుకున్నారు. ఆ అవమానం ఆయన తట్టుకోలేకపోయాడు.

అమ్మాయి కంపెనీకి ఉత్తరం రాసింది. తీసేసిన ఓట్లు గడువులోగా మళ్ళీ వేసుకోవచ్చని జవాబొచ్చింది. కాకపోతే ఎవరి ఫోను, ఎవరి నెట్టు, ఎవరున్న చోటు నుంచి వాళ్ళే వేయాలి.

"పక్కన మనిషి లేకుండా ఓటు పడిందో లేదో ఎట్టా తెలుస్తది?" అన్నాడు మా ఆయన.

"తెలియదు నాన్నా."

"తెలియకుండా ఎట్టా నమ్మేది?"

"మీరు ఇరవై ఏళ్ళు నమ్మలా?" అన్నాను నేను.

అనకూడని మాటే. నా నోరు అంతే, ఆగదు. ఆయన బండి తాళాలు తీసుకుని, "నువ్వూ రా" అన్నాడు.

మూడు రోజులు బండి మీద చేలమ్మటే తిరిగాం. పత్తి ఆఖరి తీతలో ఉంది. గట్టు మీద బండి ఆపి, జరిగింది చెప్పి, "వేస్తే వేయండమ్మా, నేనేం చూడను" అని ఆయన నిజంగానే మొహం తిప్పుకుని నిలబడేవాడు. నడుముకి కట్టిన గోతం నిండా పత్తితో ఒకామె మాకు ఎదురొచ్చింది. "పొద్దుటి నుంచీ దీన్ని ఈడుస్తున్నా. వాడి బాధ నాకు చెప్పబాక అన్నా. ఇందాకే వేశా" అంది. ఆ మాటకి ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. పెళ్ళయ్యాక ఆయన వెనక బండి మీద నేను అంతసేపు కూర్చున్నది ఆ మూడు రోజులే. గుట్టు చెప్పాలంటే, ఆ బుడ్డోడు గెలవకపోయినా, ఆ పోటీ మాత్రం అట్లా ఏడాదంతా సాగితే బాగుండుననిపించింది. నేను అంత సంతోషంగా ఉన్నాను.

బుడ్డోడు గెలిచాడు. నక్క మీద బోలెడు తేడాతో గెలిచాడు. "ఓట్లు లక్షల్లో పడ్డాయమ్మా, మనవి లేకపోయినా గెలిచేవాడే" అని అమ్మాయి నా చెవిలో చెప్పింది. వాళ్ళ నాన్నకి అది చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఊళ్ళో కుర్రాళ్ళు టపాకాయలు కాల్చారు. సెంటర్లో ఫ్లెక్సీ కట్టి బుడ్డోడి పక్కన మా ఆయన్ని అంతే ఎత్తున నిలబెట్టారు. ఆ వారమంతా ఆయన పాల ప్యాకెట్టుకి కూడా సెంటర్ మీదుగా వెళ్ళొచ్చాడు.

నెల తిరిగాక ఆట రెండో భాగం వచ్చింది. మిరపకాయ గుంటూరు తోలడానికి గోతాల్లో కూరి టిక్కీలు తొక్కుతున్న రోజులు. పని ఆపి మరీ ఇంటికొచ్చి అమ్మాయి పక్కన కూర్చున్నాడు. బుడ్డోడు కత్తి పట్టుకుని వచ్చాడు. పొట్ట తగ్గింది, మెడలో కండువా లాంటిది పడింది, వీపున మూట లేదు. మూట వాడి వెనక పరిగెత్తే మరో బుల్లి ప్రాణి మీద ఉంది.

"మోసినోడే గదా, ఎదుటోడి బరువు తెలుస్తదిలే" అన్నాడు మా ఆయన.

రెండు గుహలు దాటాక రాక్షసుడి తలుపు వచ్చింది. బుడ్డోడు పక్కకి జరిగి ఆ బుల్లిదాన్ని ముందుకు తోశాడు. దెబ్బ దానికి పడింది. తర్వాత బుడ్డోడు తీరిగ్గా లోపలికెళ్ళి కత్తి తిప్పాడు. తెర నిండా వాడి ఫొటో వచ్చింది, పూలు రాలాయి.

"ఏరు దాటాక వీడూ తెప్ప తగలేశాడు" అన్నాను. నాకు లోపల మాత్రం ధైర్యం వచ్చింది. ఇంత కళ్ళారా చూశాక ఇక ఆ గడప తొక్కడని.

అప్పుడే ఫోను మోగింది. నాయకుడు. సెంటర్లో ఫ్లెక్సీ ఆయనా చూశాడట. ఏదో ఛానెలు వాళ్ళు యువ నాయకులకి ఆన్‌లైన్ పోటీ పెట్టారట, అందులో తన కొడుకు వెనకబడ్డాడట, ఓట్లు పడేలా చూడాలట. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి అన్నీ విన్నాను. మొదటి మాట వింటూనే మా ఆయన కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాడు. "వస్తున్నానండి" అని పెట్టేసి చొక్కా తొడుక్కోసాగాడు.

"పోతున్నారా?" అన్నాను.

"పేరు పెట్టి పిలిచాడు, విన్నావా?" అన్నాడు. "అబ్బాయ్, ఇట్రావయ్యా అనడమే ఇన్నేళ్ళూ. నా పేరు ఆయనకి తెలుసని నాకే తెలియదు."

నోటిదాకా వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి. ఈ మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచించాను. ఊరికి అన్న, బిడ్డకి నాన్న, ఆ పార్టీలో ఫలానా ఆయన మనిషి. పేరుతో పిలిచే అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయింది. మొగుడి పేరు నోట రాకూడదని మా అమ్మ నేర్పింది కాబట్టి నేను ఏమండీతోనే ఇన్నేళ్ళు గడిపాను. అంత చవగ్గా దొరికే మనిషని నాకు తెలిసుంటే ఆచారం, గీచారం చూసేదాన్నే కాదు.

బండి స్టార్టయిన చప్పుడు విని గేటు దాకా పరిగెత్తాను. జన్మలో మొదటిసారి ఆయన పేరు పలికాను, నాకే సిగ్గేసేంత గట్టిగా. బండి చప్పుడులో వినపడలేదో, ఆ పేరు నా గొంతులో వినే అలవాటు లేకనో, మా ఆయన వెనక్కి తిరగలేదు.