నోటికి రాని లెక్క

జలంధర్ దుబాయ్ మొహం ఎన్నడూ చూడలేదు. ఏడేళ్లుగా ఉంటున్నది ఖతర్‌లో. అయినా జగిత్యాల దగ్గరి వాళ్ల ఊళ్లో అతని ఇల్లు దుబాయోళ్ల ఇల్లే, భార్య స్వర్ణ దుబాయాయన పెళ్లామే. సరిదిద్ది సరిదిద్ది విసుగొచ్చి ఊరుకున్నాడు.

అక్కడి అల్ వుకైర్ ఊరి అవతల, ప్రపంచ కప్పు స్టేడియానికి వేసే రోడ్ల మీద అతని డ్యూటీ. మురుగు పైపుల కోసం తవ్విన గుంటలకు మూతలు బిగించే గ్యాంగులో ఉన్నాడు. ఇక్కడ తెరిచిన గుంట అంటే కంపెనీకి హడల్. చుట్టూ కంచె, ఎర్ర రిబ్బన్, పైన మందపాటి చెక్క ఉండి తీరాలి. చెక్క పెట్టకుండా టీకి పోయినవాడు ఆ సాయంత్రం ఆఫీసు ముందు నిలబడాల్సిందే. జలంధర్‌కు ఆ గతి ఎప్పుడూ పట్టలేదు. టీకి సగం దూరం పోయి కూడా వెనక్కి వచ్చి, చెక్కను మళ్లీ ఒకసారి కాలితో తట్టి చూసుకునేవాడు. తోటివాళ్లు చూసి నవ్వేవారు.

నవ్వరూ మరి, వాళ్లకేం తెలుసు! ఊళ్లో నీళ్ల ట్యాంకు పక్కన సంపు కడతామని పంచాయతీవాళ్లు గదంత గొయ్యి తవ్వించారు. కాంట్రాక్టరు మాయమయ్యాడు, గొయ్యి మిగిలింది. రెండేళ్ల కిందటి వానాకాలంలో జలంధర్ చిన్నబిడ్డ హాసిని అందులో పడి చనిపోయింది. అతని సెలవు కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి కదిలేలోపే అక్కడ అంతా అయిపోయింది. బిడ్డ కడసారి మొహం ఫోన్లో చూశాడు. ఇక్కడేమో ఆటగాళ్లకు ఎండ తగలకుండా మైదానం మొత్తానికి కప్పు వేస్తున్నారు. అక్కడ ఒక్క గొయ్యికి మూత వేసే దిక్కు లేదు. ఇప్పటికీ దాని మీద తుమ్మకంపలే ఉన్నాయి.

పనివాళ్లుండే కంపెనీ క్యాంపులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిల్లలెందరని అడిగితే ఇద్దరు కొడుకులని చెప్పేవాడు. ముగ్గురంటే మూడోది ఏం చదువుతోందని అడుగుతారు. ఆ ప్రశ్న వినే ధైర్యం అతనికి లేదు.

2019 జనవరిలో ఊళ్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. గొయ్యి ఉన్న మూడో వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. ఆ మాట వినగానే జలంధర్ స్వర్ణకు ఫోన్ చేసి మెంబరుగా నిలబడమన్నాడు.

"నాకేం దెలుస్తదయ్యా గా మీటింగులు?" అంది స్వర్ణ.

"తెలిసేదేమున్నది? మూత ఎప్పుడేస్తరని అడుగు. ఏసేదాంక అడుగు."

వార్డు మెంబరంటే ఏమంత పదవి? ఒక కుర్చీ, ఒక చాయ్. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని పంచాయతీ ఆఫీసు గేటు దగ్గరి నుంచే తిప్పి పంపలేరు. అప్పటిదాకా మూత సంగతి అడగబోయిన స్వర్ణను అలాగే తిప్పి పంపారు. అది గుర్తొచ్చే కాబోలు, ఒప్పుకుంది.

గదిలో పక్క మంచం ఖయ్యూమ్‌ది. కోరుట్ల మనిషి, కంపెనీ బస్సు నడుపుతాడు. సంగతి విని తెగ సంబరపడ్డాడు.

"ఇద్దరికంటె ఎక్కువ పిల్లలుంటే నామినేషన్ కొట్టేస్తరు భాయ్. మా అన్నది గట్లనే పాయె. నీకు ఇద్దరే గదా, ఫికర్ లేదు."

"ఔ," అన్నాడు జలంధర్.

ఊళ్లో తమ్ముడు తిరుమల్ మండలాఫీసులో కనుక్కుని వచ్చాడు. బతికున్న పిల్లలనే లెక్కలోకి తీసుకుంటారట, వదిన పోటీ చేయొచ్చట. అంటే హాసిని బతికి ఉంటే చేయడానికి లేదన్నమాట.

అధికారి నామినేషన్ కాగితాలు చూసే రోజుకు ముందు సాయంత్రం జలంధర్ స్వర్ణకు మళ్లీ చెప్పాడు. "రేపు సార్ పిల్లలెందరని అడుగుతడు. ఇద్దరని చెప్పు. గంతే."

"నువ్వయితే చెప్తవా?"

"ఈడ రోజు చెప్తనే ఉన్న," అన్నాడు. అనకుండా ఉండాల్సింది. స్వర్ణ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తిరుమల్ కాల్ కలిపి, ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని వదినతో ఆఫీసులోకి పోయాడు. ఇక్కడ టీ బ్రేక్. జలంధర్ గుంట మీద చెక్క సర్ది, దాని పక్కనే కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"గామెకు ముగ్గురు పిల్లలు సార్," అని అవతలి పార్టీ మనిషి గొంతు.

"ఎందరమ్మా మీకు?" అధికారి అడిగాడు.

"ముగ్గురు సార్," అంది స్వర్ణ.

"వదినా! సార్, చిన్నపిల్ల సచ్చిపోయింది సార్," అన్నాడు తిరుమల్ కంగారుగా.

అధికారి మంచివాడే. గొంతు తగ్గించాడు. "బతికున్నవాళ్లే లెక్కమ్మా. ఇద్దరని మీరొక్క మాట చెప్పండి, చాలు."

చెప్పు, చెప్పు స్వర్ణా అని జలంధర్ ఇక్కడి నుంచి గొణుగుతున్నాడు. అవతల ఫ్యాను చప్పుడు.

"ఇద్దరు మొగపిల్లలు, ఒక ఆడపిల్ల," అంది స్వర్ణ చివరికి. "నాకు ముగ్గురే సార్. నేను నిలవడ. నా కాయిదం తీసేయున్రి."

జలంధర్‌కు ఒళ్లు మండిపోయింది. ఆమె బయటికి రాగానే తమ్ముడి ఫోన్లోనే అరిచాడు. "ఒక్క మాట అనలేకపోయినవా? గా గొయ్యి గట్లనే ఉండాల్నా?"

"కోపం జెయ్యకు," అంది స్వర్ణ. ఏడుస్తోంది. "ఇంట్ల అద్దం ముంగట చెప్పుకొని చెప్పుకొని పోయిన. ఆడ అందరి ముంగట ఇద్దరంటే, పిల్లను మళ్ల నేనే గొయ్యిల ఏసినట్టనిపిచ్చింది. నువ్వు రోజు ఎట్లంటున్నవో... నాకు చాతగాలె."

మూత కోసం ఇంకో ఐదేళ్లు ఎవరి కాళ్లో పట్టుకోవాలి. అది తెలిసీ కోపం నిలవలేదు. ఆమె ముందు తానెంత చిన్నవాడో తెలిసొచ్చి సిగ్గేసింది.

సాయంత్రం క్యాంపుకు పోయే బస్సులో డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చున్నాడు.

"నామినేషన్ ఏమైంది భాయ్?" అన్నాడు ఖయ్యూమ్ అద్దంలో చూస్తూ.

"పాయె."

"అరే, క్యోఁ? నీకు ఇద్దరే గదా!"

"ముగ్గురు, ఖయ్యూమ్ భాయ్. మూడోది ఆడపిల్ల. పేరు హాసిని."

ఖయ్యూమ్ మొహం విప్పారింది. "ఎన్నడు చెప్పకపోతివి! ఏం సదువుతుంది బిడ్డ?"

రెండేళ్లు తప్పించుకు తిరిగిన ప్రశ్న అది. జలంధర్ ఈసారి తల తిప్పుకోలేదు.

"బడికి పోనేలేదు భాయ్. నాలుగేండ్లే ఉండె మా తాన," అన్నాడు. ఆ వెంటనే ఏడ్చేశాడు.

ఖయ్యూమ్ బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఏమైందో తెలియని వెనకవాళ్లు యల్లా యల్లా, పోనియ్ పోనియ్ అని కేకలు వేస్తున్నారు.